బెడ్ రెస్ట్ గారూ, ఇక దయచేయండి

గౌరవనీయులైన బెడ్ రెస్ట్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి ఆడటం లేదు, ఎందుకంటే మీరు కుశలంగా ఉన్న ఇంట్లో ఇంకెవరూ కుశలంగా ఉండరు. మా అత్తగారి కుడి తుంటి కీలు అరిగిపోయింది, మార్చాల్సిందే, సంక్రాంతి వెళ్ళాక చేద్దాం అని డాక్టరు చెప్పిన రోజునే మీరు మా గడప తొక్కారు. మిమ్మల్ని ఎవరు పిలిచారో నాకు తెలీదు. డాక్టరు మాత్రం పిలవలేదు. ఆయన చీటీలో ఫిజియోని కలవమని రాశాడు, ఆ కాగితం నా దగ్గరే ఉంది. కానీ మేం ఇల్లు చేరేసరికి డల్లాస్ నుంచి మా వదిన ఫోన్లో, పెద్దమామయ్యగారు గుమ్మంలో, కింద పోర్షన్ ఆవిడ మెట్ల మీద, అందరిదీ ఒకటే పాట: "ఎలాగూ ఆపరేషన్ అవుతుందిగా, అప్పటిదాకా కదలకుండా రెస్ట్ తీసుకోండి." ఇంకేముంది, ఇల్లరికపు అల్లుడిలా దివాన్ కాట్ మీద సెటిలైపోయారు మీరు.

మీకు దొరికే మర్యాద చూస్తే కుళ్ళుగా ఉంటుంది. మీ మాట వింటే ప్రేమ, కాదంటే రాక్షసత్వం. అత్తయ్యగారు మంచినీళ్ళకి లేవబోతే ముగ్గురు పరిగెత్తుకొచ్చి "మేం లేమా" అంటారు (ఉన్నారు, అదే కదా బాధ). కాఫీ మంచం దగ్గరికే, టిఫిన్ మంచం దగ్గరికే, రిమోట్ దిండు కింద. దేవుడి గదిదాకా నడిచే ఆ నాలుగడుగులు కూడా ఎందుకని వేంకటేశ్వరస్వామి పటాన్నే తెచ్చి ఎదురు గోడకి తగిలించారు. "కాస్త నడవండి అత్తయ్యా" అని నేనంటే మాత్రం, కోడలు కదా, ముసలావిడ చేత పని చేయించుకోవాలని చూస్తోందని వీధి చివరిదాకా వెళ్ళింది కబురు.

మీ ఘనకార్యం కూడా కాస్త చెప్పుకుందాం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, కొండల సంగతి నేను చూడలేదు గానీ కండలు మాత్రం కరుగుతాయి. 2007లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. ఏ జబ్బూ లేని పెద్దవయసు వాళ్ళని 10 రోజులు మంచం మీద ఉంచి కొలిస్తే, కాళ్ళలో దాదాపు కిలో కండ తగ్గిపోయింది. వాళ్ళు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, పైగా పదే రోజులు! గజ్జల్లో నొప్పితో ఏడాదిగా కుంటుతున్న మనిషిని పండగ వెళ్ళేదాకా మీకు అప్పగిస్తే ఏం మిగులుతుందో మీరే లెక్క కట్టండి.

ఆపరేషన్ అయితే అన్నీ అవే సర్దుకుంటాయని జనం అనుకోవడం మీకు బాగా కలిసొచ్చింది. సర్జన్ మార్చేది తొడ ఎముక పైన ఉండే గుండుని, అది తిరిగే గిన్నెని. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే డాక్టరు లోహపు గుండునీ గట్టి ప్లాస్టిక్ గిన్నెనీ జతకలిపిన దగ్గర్నుంచి ఆ విద్య బాగా నడుస్తోంది, ఇప్పుడు సిరామిక్ గుండ్లు కూడా వచ్చాయి. కండ మాత్రం ఆ పెట్టెలో పెట్టి పంపరు. అది ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. పిరుదు పక్కన ఉండే కండకి సత్తువ లేకపోతే, ఆ కాలి మీద బరువు పడగానే నడుం అవతలి వైపుకి జారుతుంది. ఈ సంగతి 1895లోనే ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ సర్జన్ రాసిపెట్టాడు. మీ పుణ్యమా అని లక్షలు పోసి కొత్త కీలు వేయించుకున్నా పాత కుంటు పోదు.

అందుకని ఫిజియో కుర్రాణ్ణి పిలిపించాను. మీకు నచ్చలేదని తెలుసు. అతను చెప్పినవాటిలో సగం పడుకుని చేసేవే, అంటే మీ దివాన్ కాట్ మీదే మీకు తిరుగుబాటు. పాదాలు పైకీ కిందికీ ఆడించడం, మోకాలి కింద తువ్వాలు చుట్టిపెట్టి దాన్ని కిందికి నొక్కడం, మడమ పరుపుకి ఆనించే కాలు ముడిచి చాపడం, పిరుదులు బిగించి అయిదు లెక్కపెట్టి వదలడం. ఈ చివరిదాని దగ్గర అత్తయ్యగారు సిగ్గుపడిపోయి మామయ్యగారిని పాల ప్యాకెట్ కోసం బయటికి పంపించి, తలుపేసుకుని చేశారు. లేచి చేసేవి ఇంకొన్ని: వంటింటి గట్టు పట్టుకుని కాలు పక్కకి ఎత్తడం, ఎత్తు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కుర్చీ చేతుల మీద బలం వేసి ఒంటిని పైకి లేపడం. ఈ మూడోది ఎందుకంటే, వాకర్ పట్టుకున్నాక బరువు మోసేది చేతులే కదా.

అసలు గొడవ మెట్ల దగ్గర వచ్చింది. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు జబ్బుకాలు ముందు అని రూలు. ఆవిడ జబ్బుకాలు కుడిది! కొత్తకోడలిగా ఈ ఇంట్లోకి కుడికాలు పెట్టి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ ఎక్కడా ఎడమకాలు ముందు పెట్టి ఎరగరు, ఇప్పుడు ఎడమకాలు అంటే "అపశకునం, నువ్వే చెప్పించావా" అని నావైపు చూశారు. ఆఖరికి మెట్లకి ఫిజియో రూలు, గడపకి శాస్త్రం అని ఒప్పందం కుదిరింది. ఈ పంచాయితీ ఇప్పుడే తేలింది కాబట్టి సరిపోయింది, కుట్లు వేసిన కాలితో మెట్ల మధ్యలో నిలబడి తేల్చుకునేది కాదు.

తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయంటారు, అదీ చూశాం. ఆపరేషన్‌కి ముందు పళ్ళ డాక్టరుకి చూపించుకోమన్నారు, నోట్లో చీము ఉంటే ఆ క్రిములు రక్తంలో కలిసి కొత్త కీలు దగ్గరికి చేరే ప్రమాదం ఉందట. ఆ పనికి ఆటో ఎక్కి దిగడంతో మీకు ఒక మధ్యాహ్నం నష్టం.

మీ మీద కోపంతో అబద్ధాలు చెప్పను. ఈ వ్యాయామాలతో అరిగిన కీలు మళ్ళీ మొలవదు, ఆపరేషన్ తప్పదు. ఆపరేషన్ అయి ఏడాది గడిచాక చూస్తే ముందు ఈ వ్యాయామాలు చేసినవాళ్ళకీ చేయనివాళ్ళకీ పెద్ద తేడా కనిపించకపోవచ్చు కూడా. లాభమంతా మొదటి వారాల్లోనే. కానీ ఎవరూ పట్టుకోకుండా బాత్రూమ్‌కి వెళ్ళి రావాలనిపించేది ఆ వారాల్లోనే కదండీ. జారిపడి తుంటి విరిగితే మాత్రం ఇదేదీ వర్తించదు, అప్పుడు వ్యాయామాలంటూ ఆగకుండా వీలైనంత త్వరగా ఆపరేషన్ చేయించాలి. నొప్పి సంగతి కూడా ఉంది, చేసేటప్పుడు కాస్త ఉంటుంది, మర్నాటికీ తగ్గకపోతే లెక్క తగ్గించమన్నాడు ఫిజియో. తగ్గించమన్నాడు, మానేయమనలేదు, మీరు వెంటనే చెవులు రిక్కించకండి.

కాబట్టి నోటీసు ఏమిటంటే, మధ్యాహ్నం భోజనం అయ్యాక గంటసేపు, రాత్రి నిద్రవేళ, ఇవి మీవి. మిగతా వేళల్లో దివాన్ ఖాళీ చెయ్యాలి. స్వామివారి పటం నిన్ననే తిరిగి దేవుడి గదికి వెళ్ళిపోయింది. ఆస్పత్రిలో చూసుకుందాం అని ఆశ పెట్టుకోవద్దు, అక్కడ ఆపరేషన్ అయిన మర్నాడే, వీలైతే ఆ రోజే, లేపి నిలబెడతారట.

ఇట్లు,
ఈ ఇంటి చిన్నకోడలు

తా.క.: అమ్మ హాయిగా పడుకోవాలని మా వదిన డల్లాస్‌లో కూర్చుని ఒక మెత్తటి సోఫా ఆర్డర్ పెట్టింది. కూర్చుంటే మోకాళ్ళు తుంటికంటే పైకి వచ్చేంత లోతు, ఆపరేషన్ అయ్యాక అలా కూర్చోకూడదని ఫిజియో మరీమరీ చెప్పాడు. రిటర్న్ పెట్టాను, రేపు పదకొండింటికి బండి వస్తుంది. మీకు చోటుంటుంది అందులో.