జింగన్‌ను ఇప్పుడే దింపాలా?

2024 నవంబర్ 18, సోమవారం రాత్రి. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో భారత్, మలేషియా ఫుట్‌బాల్ ఫ్రెండ్లీ 1-1తో ముగిసింది. జనం కాస్త పలచబడేదాకా ఆగుదామని బయట ఒక టీ బండి దగ్గర నిలబడ్డాం. మా మేనమామ, మా చెల్లి, నేను. మామయ్య ఒకప్పుడు సికింద్రాబాద్ గ్రౌండ్లలో స్టాపర్‌గా, అంటే వెనక లైన్ మధ్యలో నిలబడే డిఫెండర్‌గా ఆడారు. చెల్లి ఫిజియోథెరపీ చివరి సంవత్సరం చదువుతోంది.

జనవరిలో ఆసియా కప్‌లో సిరియాతో ఆడుతూ మోకాలు దెబ్బతిని బయటికి వెళ్లిన సందేశ్ జింగన్, పది నెలల తర్వాత ఈ రాత్రే మళ్లీ దేశం జెర్సీ వేసుకున్నాడు. వయసు 31. డిఫెన్స్‌లో అతని అంత అనుభవం ఉన్నవాళ్లు మనకు తక్కువ. అతని పేరు వినగానే నేనూ గొంతు పోయేలా అరిచాను. కానీ ఇంత తొందరగా దింపడం సరైనదేనా? టీ చేతికి రాకముందే ఇద్దరికీ వాదన మొదలైంది. గుర్తున్నంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

మామయ్య: ఏం బిడ్డా, మ్యాచంతా అతని కాళ్ల వైపే చూస్తూ కూర్చున్నావు. బాల్ చూశావా అసలు?

చెల్లి: చూశాను మామయ్యా. కానీ అతను హెడర్‌కి లేచినప్పుడల్లా ఏ కాలి మీద దిగుతాడా అని టెన్షన్. మోకాలి లిగమెంటు తెగేది ఎక్కువగా అలాంటప్పుడే. ఎవరూ తాకక్కర్లేదు. దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగితే చాలు, పరుగులో ఒక్కసారి మలుపు తిరిగితే చాలు.

మామయ్య: బాగానే దిగాడు కదా?

చెల్లి: ఇవాళ బాగానే దిగాడు.

మామయ్య: చూడు, మన పరిస్థితి ఏంటో ముందు అది చెప్పుకుందాం. ఈ ఏడాది మన టీమ్ 11 మ్యాచ్‌లు ఆడింది. ఒక్కటీ గెలవలేదు. ఆరు ఓడాం, ఐదు డ్రా. సెప్టెంబర్‌లో ఇదే గ్రౌండ్‌లో సిరియా మన మీద మూడు గోల్స్ కొట్టి కప్పు పట్టుకుపోయింది. ఆ రోజు కూడా వచ్చాం కదా ముగ్గురం. వెనక లైన్‌ని పట్టుకుని అరిచేవాడు ఒక్కడు లేడు. స్టాపర్ అంటే టాకిల్ చేసేవాడు ఒక్కడే కాదు బిడ్డా. పక్కవాణ్ని "ముందుకు రా", "వాణ్ని వదిలెయ్", "లైన్ ఎక్కు" అని తొంభై నిమిషాలూ పిలిచేవాడు. ఆ గొంతు జింగన్‌ది. అంతకు ముందు ఏడాది అతనూ అన్వర్ అలీ కలిసి ఆడినప్పుడు ఎట్లుండె? భువనేశ్వర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ మొత్తం మీద ఒక్క గోల్ ఇవ్వలేదు.

చెల్లి: ఈ ఏడాది ఆడిన 11 మ్యాచ్‌లలో మొదటి మూడింటికి జింగన్ ఉన్నాడు మామయ్యా. ఆస్ట్రేలియా రెండు కొట్టింది, ఉజ్బెకిస్తాన్ మూడు, సిరియా ఒకటి.

మామయ్య: సిరియా గోల్ ఎప్పుడు పడింది? 76వ నిమిషంలో. అతను సెకండ్ హాఫ్ మొదట్లోనే బయటికి వెళ్లిపోయాడు. అతను ఉన్నంతసేపూ గోల్ లేదు.

చెల్లి: సరే, ఆ ఒక్క గోల్ వదిలేస్తాను. మిగతా ఐదు?

(మామయ్య దీనికి జవాబు చెప్పలేదు. ఆస్ట్రేలియా స్థాయి వేరు అని ఏదో అనబోయి ఆపేశారు. నాకూ అనిపించింది, ఒక్క మనిషి లేకపోవడమే మన కష్టాలన్నిటికీ కారణమని మేమంతా చాలాకాలంగా నమ్ముతున్నాం. ఆ లెక్క అంత సూటిగా లేదు.)

చెల్లి: ఇవాళ్టి గోల్ సంగతి కూడా చెప్పండి. 19వ నిమిషంలో లాంగ్ బాల్ మన డిఫెన్స్ వెనక్కి పడింది. మన కీపర్ గుర్‌ప్రీత్ ముందుకు ఉరికి వచ్చాడు, బాల్ అందలేదు, వాళ్లు ఖాళీ గోల్‌లోకి పంపేశారు. అప్పుడు మీ గొంతు గ్రౌండ్‌లోనే ఉంది కదా!

మామయ్య: ఉంది. అదే నేను చెప్పేది. పది నెలలు కలిసి ఆడని కీపరూ స్టాపరూ మొదటి ఇరవై నిమిషాల్లోనే ఒకరి మనసు ఒకరికి తెలిసినట్టు ఆడతారా? ఎవరు వెళ్లాలి, ఎవరు ఆగాలి అన్నది బోర్డు మీద గీస్తే రాదు. కలిసి తప్పులు చేస్తేనే వస్తుంది. ఫ్రెండ్లీలో చేసిన తప్పుకు పాయింట్లు పోవు. మార్చిలో ఆసియా కప్ క్వాలిఫయర్లు మొదలవుతాయి. అప్పుడు ఇదే తప్పు చేస్తే? అందుకే ఇప్పుడే దింపాలి. ఇంకో మూడు నెలలు ఆగి దింపితే, ఆ తప్పు అప్పుడు చేస్తారు.

(ఆ రాత్రి మామయ్య అన్న మాటల్లో అన్నిటికంటే బరువున్నది ఇదే. చెల్లి టీ గ్లాసు కింద పెట్టి కాసేపు ఆలోచించింది.)

చెల్లి: అది నిజమే. కానీ మీరు టీమ్ లెక్కలో చూస్తున్నారు, నేను మోకాలి లెక్కలో చూస్తున్నాను. అతనికి మోకాలి దెబ్బ ఇది మొదటిది కాదు. 2019 అక్టోబర్‌లో, బంగ్లాదేశ్ మ్యాచ్‌కు ముందు, ఏసీఎల్ తెగింది. తొడ ఎముకనూ కింది ఎముకనూ మోకాలి లోపల పట్టి ఉంచే తాడు లాంటిది అది. చర్మం మీది గాయంలా దానంతట అది అతుక్కోదు. అందుకే ఆపరేషన్‌లో ఆ ఆటగాడి ఒంట్లోంచే, తొడ వెనక నుంచో మోకాలిచిప్ప కింది నుంచో, ఒక ముక్క తీసి ఆ స్థానంలో బిగిస్తారు. పెట్టిన రోజు అది గట్టిగానే ఉంటుంది. తర్వాత కొన్ని వారాలకు బలహీనపడుతుంది. ఆ తర్వాత నెలల తరబడి మెల్లమెల్లగా కొత్త లిగమెంటుగా మారుతుంది. మోసమంతా అక్కడే ఉంది మామయ్యా. నొప్పి పోతుంది, వాపు పోతుంది, ఆటగాడు "నేను బాగున్నా" అంటాడు. లోపల పని మాత్రం ఇంకా నడుస్తూనే ఉంటుంది. తొమ్మిది నెలల లోపు మళ్లీ ఆడించొద్దని మాకు మొదటి నుంచీ చెప్పేది అందుకే.

మామయ్య: ఇప్పుడు పది నెలలైంది. నీ లెక్క ప్రకారమే సరిపోయింది కదా!

చెల్లి: తొమ్మిది నెలలంటే పరీక్ష రాయడానికి అర్హత. పాసైనట్టు కాదు.

మామయ్య: ఆ 2019 దెబ్బ తర్వాత ఏమైందో కూడా చెప్పు మరి. 2020 నవంబర్‌లో మోహన్ బగాన్ క్లబ్ తరఫున దిగాడు. ఆ సీజన్ టీమ్‌ను ఫైనల్ దాకా తీసుకుపోయాడు. 2020-21కి దేశంలో ఉత్తమ ఆటగాడు అతనే. దెబ్బ తిని వచ్చిన మనిషి అంతకు ముందుకంటే గట్టిగా ఆడాడు.

చెల్లి: ఎన్ని నెలలకు దిగాడు? పదమూడు. ఎందుకు? లాక్‌డౌన్ వచ్చింది, మ్యాచ్‌లే లేవు. ఎవరూ తొందరపెట్టడానికి లేకపోయింది. అప్పుడు అతని మోకాలికి దొరికిన సమయం ఏ క్లబ్బూ, ఏ ఫెడరేషనూ మామూలు రోజుల్లో ఇవ్వదు. మీరు చెప్పిన ఉదాహరణ నా వైపే ఉంది. ఆ తర్వాత 2021లో క్రొయేషియాలో షిబెనిక్ క్లబ్‌కి వెళ్లాడు. ఒక్క మ్యాచ్ ఆడకముందే ఇంకో గాయం. జనవరికల్లా తిరిగొచ్చేశాడు. ఒళ్లు ఒకచోట దెబ్బతింటే ఆ బరువు ఇంకోచోట పడుతుంది.

మామయ్య: మీ డాక్టర్ల లెక్కల ప్రకారం పోతే 1962లో మనకు గోల్డ్ వచ్చేదే కాదు.

(ఇది వస్తుందని నాకు ముందే తెలుసు. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ మాటలు ఎక్కడ మొదలైనా ఏదో ఒక దగ్గర రహీం సాబ్ దగ్గరికి చేరాల్సిందే. సయ్యద్ అబ్దుల్ రహీం, సిటీ పోలీస్ టీమ్ కోచ్, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్. ఈ ఊళ్లో పుట్టినవాళ్లం ఆయన పేరు చెప్పకుండా ఆట గురించి మాట్లాడలేం, మాట్లాడకూడదు కూడా.)

మామయ్య: జర్నైల్ సింగ్ మనకు స్టాపర్. జకార్తాలో థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తల పగిలింది, కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని ఇంటికి పంపలేదు. సెమీస్‌లో దింపారు, గోల్ కొట్టాడు. ఫైనల్‌లో కొరియా మీద దింపారు, మళ్లీ కొట్టాడు. తలకు కట్టు ఉండంగనే! 2-1. ఆ గోల్డ్ అట్ల వచ్చింది.

చెల్లి: ఎక్కడ దింపారు మామయ్యా?

మామయ్య: ఎక్కడంటే?

చెల్లి: ఏ పొజిషన్‌లో?

మామయ్య: ...సెంటర్ ఫార్వర్డ్.

చెల్లి: చూశారా. రహీం సాబ్ కూడా అతన్ని పాత చోట నిలబెట్టలేదు. గాయపడ్డ మనిషిని దింపాల్సి వచ్చినప్పుడు పనే మార్చేశారు. నేను అడిగేదీ అంతే. జింగన్‌ను ఆడించొద్దని ఎప్పుడూ అనలేదు. పాత జింగన్‌లా ఆడించొద్దు అంటున్నా. ప్రతి బాల్‌కీ దూకే స్లైడింగ్ టాకిల్స్ తగ్గాలి, ఒక మ్యాచ్ పూర్తిగా ఆడితే తర్వాతి దాంట్లో అరవై నిమిషాలు చాలు. ఇంకోటి. ఆ కుట్లతో హెడర్లు కొట్టించడం ఇవాళ ఏ టీమ్ డాక్టరూ ఒప్పుకోడు. అప్పుడు ఏమీ కాలేదు కాబట్టి మనం గొప్పగా చెప్పుకుంటున్నాం.

(మామయ్యకు ఆ చివరి మాట నచ్చలేదు. ముఖం పక్కకు తిప్పుకున్నారు. బండతను రెండో టీ పోశాడు. రాయదుర్గం మెట్రో వైపు జనం ఇంకా పోతూనే ఉన్నారు, నీలం జెర్సీల్లో.)

మామయ్య: నీకు పుస్తకంలో లేనిది ఒకటి చెప్తా. నా మోకాలు పోయినప్పుడు నాకు 23. స్కాన్ లేదు, ఏమీ లేదు. పట్టీ కట్టి మూడు వారాలు పడుకోమన్నారు. రెండు నెలలకు దిగా. ఒక త్రో అందుకోబోయి తిరిగా, మోకాలు పక్కకు జారినట్టు అనిపించింది. అంతే. అది అందరికీ తెలిసిన కథ. తెలియనిది ఏంటంటే, ఆ రెండు నెలలూ ప్రతి శనివారం సాయంత్రం మా కెప్టెన్ పేర్లు రాసే కాగితం. మొదట్లో నా పేరు పక్కన ప్రశ్న గుర్తు పెట్టేవాడు. తర్వాత పేరే రాయలేదు. ఎవరూ చెడ్డోళ్లు కాదు. ఆట ఆగదు కదా, వేరేవాణ్ని చూసుకుంటారు. ఆ కాగితం చూసి నేను తొందరపడ్డా. పది నెలలు అట్ల బయట కూర్చున్న మనిషిని ఇంకో మూడు నెలలు కూర్చో అనడం నీకు తేలిక. ఇవాళ జాతీయ గీతం పాడుతున్నప్పుడు అతని ముఖం చూశావా నువ్వు?

(ఈ కాగితం సంగతి నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. చెల్లి కూడా వినలేదనుకుంటాను. తను గొంతు తగ్గించింది.)

చెల్లి: చూశాను. కానీ మామయ్యా, మీరు చెప్పిందే నా భయం. ఆ కాగితం భయంతోనే ఆటగాడు తనకు తాను అబద్ధం చెప్పుకుంటాడు. "బాగుంది, ఆడతా" అంటాడు. మీరూ అన్నారు. అందుకే ఆ మాట అతని చేతిలో ఉండకూడదు. ఎవరో ఒకరు వద్దనాలి.

మామయ్య: ఉన్నాడు కదా మనోలో. మన హైదరాబాద్ టీమ్‌కి 2022లో ఐఎస్‌ఎల్, అదే ఇండియన్ సూపర్ లీగ్ కప్పు తెచ్చిన మనిషి. ఇప్పుడు గోవా క్లబ్‌కీ కోచ్ అతనే, దేశానికీ అతనే. జింగన్ ఆడేది గోవాకే. రోజూ ట్రైనింగ్‌లో కళ్లారా చూస్తున్నాడు. జింగన్ మోకాలి సంగతి అతని కంటే ఎవరికి తెలుసు?

చెల్లి: తెలుసు, ఒప్పుకుంటాను. మామూలుగా అయితే దేశం కోచ్ కావాలంటాడు, క్లబ్ కోచ్ వద్దంటాడు. ఆ లాగులాటలో ఆటగాడికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది. ఇక్కడ రెండు వైపులా ఒక్క మనిషే. రెండు టీమ్‌లకీ అతను కావాలి. వద్దనేది ఎవరు?

మామయ్య: ఆ మనిషి మీద నాకు నమ్మకం ఉంది.

చెల్లి: నాకూ ఉంది. నమ్మకంతో పాటు కొలత కూడా కావాలి అంటున్నా. రెండు తొడల బలం మెషీన్ మీద కొలుస్తారు. దెబ్బతిన్న కాలికి రెండో కాలి బలంలో కనీసం తొంభై శాతం రావాలి. ఒంటికాలి మీద వరుసగా మూడు గెంతులు గెంతించి ఎంత దూరం వచ్చాడో రెండు కాళ్లకూ పోల్చి చూస్తారు. అలసిపోయాక మళ్లీ చేయిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే మోకాలు మోసం చేసేది ఎనభయ్యో నిమిషంలో.

మామయ్య: రెండు నెలలకు నేను గెంతి ఉంటే పాసయ్యేవాణ్నా?

చెల్లి: లేదు మామయ్యా.

మామయ్య: (కాసేపు ఆగి) ఇవాళ మన గోల్ కొట్టింది ఎవరు? భేకే. అతనూ డిఫెండరే. బ్రాండన్ కార్నర్ కిక్ కొట్టాడు, భేకే హెడర్ కొట్టాడు. జింగన్ పెనాల్టీ బాక్సులోకి వస్తే వాళ్ల మార్కింగ్‌లో ఒకడు అతని వెంటే పోవాలి. అతను ఊరికే నిలబడ్డా టీమ్‌కి పనికొస్తాడు. సరే, నీ మాటే కానీ. మార్చి లోపల అతన్ని కూర్చోబెట్టాల్సిన మ్యాచ్‌లు నువ్వే చెప్పు. ఏవి?

చెల్లి: గోవావి. వారంలో రెండు పడినప్పుడల్లా ఒకటి.

మామయ్య: మరి గోవా కోచ్ ఒప్పుకుంటాడా?

చెల్లి: దేశం కోచ్‌ని అడిగి చెప్పమనండి.