కొత్త మౌంటెన్ బైకు కొనదలచిన వారికి బహిరంగ విజ్ఞప్తి

కొత్త మౌంటెన్ బైకులో ఉన్న లోపం ఒక్కటే. అది పనిచేస్తుంది. బ్రేకు నొక్కితే ఆగుతుంది, గేరు మారిస్తే మారుతుంది, గుంతలో పడితే దెబ్బంతా ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కే మింగేస్తుంది. ఇక యజమానికి మిగిలిన పనేమిటి? తొక్కడం. అర్ధరాత్రి నేలమీద గుడ్డ పరిచి బేరింగ్ గోళీలు లెక్కపెట్టుకునే భాగ్యం ఆయనకు ఈ జన్మకు లేదు. కనుక 1996కు ముందు తయారైన సైకిళ్లు మాత్రమే కొనవలసిందిగా ప్రార్థన. ఆ ఏడాది రిమ్మును రెండు పొడవాటి చేతులతో గట్టిగా పట్టే వీ-బ్రేకు వచ్చింది. సైకిళ్లు నిజంగానే ఆగడం మొదలైంది. పతనానికి అదే నాంది.

వంశచరిత్ర చూసినా మన వాదమే నెగ్గుతుంది. కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో 1976 అక్టోబరు 21న కొందరు కుర్రాళ్లు 1930, 40ల నాటి బరువైన సైకిళ్ల మీద ఒక మట్టిదారిలో పందెం వేశారు. రెండు మైళ్లలో 1,300 అడుగుల దిగుడు. వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్కటే దిక్కు. కిందికి చేరేసరికి వెనక హబ్బులో గ్రీజు పొగై పోయేది, మళ్లీ విప్పి నింపాల్సిందే. అంటే ఈ క్రీడకు పురుడు పోసింది మరమ్మతే. 1977లో జో బ్రీజ్ ఈ పనికే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. 1981లో స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ బైకు అంగట్లోకి వచ్చాక ఈ కష్టం సామాన్యులకూ అందుబాటులోకి వచ్చింది.

ఇక కొనుగోలు. రంగు చూసి మోసపోకండి, సీట్‌పోస్ట్, అంటే సీటును మోస్తూ ఫ్రేములోకి దిగే గొట్టం, కదులుతుందేమో చూడండి. సులువుగా కదిలిందంటే ఆ సైకిల్లో సరుకు లేదని అర్థం. ఉక్కు ఫ్రేములో అల్యూమినియం పోస్ట్ పెట్టి, పాతికేళ్లపాటు వాననీరు, చెమట దిగనిస్తే అల్యూమినియం మీద ఆక్సైడ్ ఉబ్బి రెండూ ఏకమైపోతాయి. విడాకులకు పద్ధతి ఉంది. ముందు బిగింపు బోల్టు పూర్తిగా తీయండి. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగ్ భాగం) విప్పి, సైకిలు తలకిందులు చేసి, లోపలినుంచి చొరబడే నూనె పోసి కొన్ని రోజులు నాననివ్వండి. తర్వాత పోస్ట్ తలను బల్లకు బిగించిన వైస్‌లో పట్టించి ఫ్రేమునే తిప్పాలి. పోస్ట్‌ను తిప్పబోయేవారు ఈ మార్గానికి ఇంకా పరిపక్వం కాలేదు.

అయినా రాకపోతే అంగుళం వదిలి పైభాగం కోసేసి, లోపలినుంచి హాక్సా బ్లేడుతో నిలువునా గాటు పెట్టాలి. ఉక్కు తగలగానే ఆపాలి. బ్లేడు చేత్తోనే పట్టుకోవాలి కాబట్టి ఇది ఒక పూటలో తేలదు. చివరి అస్త్రం కాస్టిక్ సోడా. అది అల్యూమినియాన్ని కరిగించి ఉక్కును వదిలేస్తుంది. ఆరుబయట, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, నీళ్లలోకి సోడా కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్లు పోయకూడదు. వేడి పుడుతుంది, హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఒలికిన చోట పెయింటు కూడా పోతుంది. ఫ్రేము కూడా అల్యూమినియందే అయితే మాత్రం ఈ మందు రోగాన్నీ రోగినీ కలిపి నయం చేస్తుంది.

కొత్త పోస్ట్ కొనడం వేరే యజ్ఞం. 26.4, 26.6, 26.8, 27.2 మిల్లీమీటర్లు, అన్నీ కంటికి ఒకేలా ఉంటాయి. 26.8 ఫ్రేములో 26.6 పోస్ట్ హాయిగా దిగుతుంది. బిగిస్తే పోస్ట్‌ను పట్టే క్లాంపు చెవులు రెండూ ఒకదాన్నొకటి ముద్దాడతాయి గానీ పోస్ట్‌ను పట్టవు. తొక్కేకొద్దీ మనిషి పొట్టివాడవుతాడు.

క్రాంకు, అంటే పెడల్ తగిలించే చెయ్యి, ఊడదీసేటప్పుడు బోల్టుతో పాటు దాని వెనక వాషరు కూడా తీశారా అని రెండుసార్లు చూసుకోండి. వాషరు ఉండగా క్రాంకును లాగే పనిముట్టు పుల్లర్ బిగిస్తే క్రాంకులోని మరలు ఊడి చేతికొస్తాయి. ఇంగ్లీషు మరలున్న బాటమ్ బ్రాకెట్‌లో కుడివైపు కప్పుది ఎడమ మర, మామూలుగా బిగించే దిక్కుకు తిప్పితేనే వదులవుతుంది. లోపల ఒక్కో పక్కకు పదకొండు చొప్పున పావు అంగుళం గోళీలు. ఇరవై ఒకటే దొరికితే మిగిలిన రాత్రికి కాలక్షేపం దొరికినట్టే.

1990ల తొలినాళ్ల ర్యాపిడ్‌ఫైర్ షిఫ్టరు (గేర్లు మార్చే మీట) నొక్కితే ఏమీ పట్టడం లేదా? శుభం. లోపలి గ్రీజు గట్టిపడింది, అంతే. విప్పకండి, స్ప్రింగులు మిమ్మల్ని క్షమించవు. మురికి ఆగేదాకా సాల్వెంట్ స్ప్రే కొట్టి, పల్చటి నూనె వేయండి. ఎలాస్టోమర్ అనే రబ్బరుతో కుదుపును మింగే ఫోర్కుల సంగతి ఇంకా మేలు. లోపలి రబ్బరు ముక్కలు కాలక్రమంలో జిగురుగానో పొడిగానో మారి ఉంటాయి. సస్పెన్షన్ అనే భ్రమ పోయాక నిజమైన సాధన మొదలవుతుంది.

వీ-బ్రేకుకు ముందు వాడిన కాంటిలీవర్ బ్రేకులో రిమ్ముకు రెండు వైపులా ఉండే బ్రేకు చేతులను కలిపే అడ్డతీగ ఎంత కిందికుంటే అంత బలం. అయితే ప్యాడ్లను రిమ్ముకు ఆనించినంత దగ్గర పెట్టాలి, రిమ్ము కాస్త వంకరున్నా రాసుకుంటుంది. ప్యాడు ముందుకొన మిల్లీమీటరు ముందుగా తగిలేలా పెట్టకపోతే వచ్చే కీచుకు కొండంతా మీ రాక తెలుస్తుంది. ముందు చక్రం బ్రేకు మెయిన్ కేబులు తెగితే అడ్డతీగ టైరు మీద పడి గుబ్బల్లో ఇరుక్కుంటుంది, చక్రం టక్కున ఆగుతుంది, మనిషి ఆగడు. దాన్ని పట్టి ఆపేది ఫోర్కు మీది రిఫ్లెక్టర్ బిళ్ల తాలూకు చిన్న ఇనుపముక్క. సేకరణకర్తలు అందం చెడుతోందని మొట్టమొదట పీకేసేది దాన్నే.

దిగుడులో ఈ సైకిళ్ల భంగిమ చూడాలి. హ్యాండిల్‌బార్‌ను ఫోర్కుకు కలిపే 130 మిల్లీమీటర్ల స్టెమ్, భుజాలకన్నా పెద్ద వెడల్పు లేని హ్యాండిల్‌బార్. బరువంతా ముందు చక్రం మీద, ముక్కు దాదాపు దాని ఇరుసు మీద. ఎదురుగా వచ్చే ప్రతి రాయితోనూ ముఖాముఖి పరిచయం.

ఒక్క విషయంలో మాత్రం మా సంప్రదాయవాదులతో నాకు పేచీ. పాతికేళ్ల అల్యూమినియం హ్యాండిల్‌బార్, స్టెమ్ మీద స్వారీ వద్దు. అల్యూమినియం అలసట కూడబెట్టుకుంటూ పోతుంది, చెప్పకుండా విరుగుతుంది. స్టెమ్ బిగింపు దగ్గర గీత కనబడితే అది గీత కాదు, పగులు. కొత్తవి వేసుకోండి. పాతది ఊదారంగు అనోడైజ్డ్ అయితే పారేయమని ఎవరూ అనరు. గోడకు మేకు కొట్టండి. ఆ పక్కనే ఇంకో మూడు మేకులకు చోటు వదలండి.