పవర్ తేలితే కంటి పరీక్ష అయిపోయినట్టేనా?

ఒక కన్ను మూసి బోర్డు మీది అక్షరాలు చదవడం, తర్వాత రెండో కన్నుతో చదవడం. మైనస్ ఎంతో తేలుతుంది, కళ్లద్దాలు వస్తాయి, పరీక్ష ముగుస్తుంది. రెండు కళ్లూ తెరిచినప్పుడు అవి కలిసి పనిచేస్తున్నాయా అన్నది మాత్రం చాలాచోట్ల చూడరు. హ్రస్వదృష్టి (దూరపువి మసకగా కనిపించే మైనస్ పవర్) ఉన్న పిల్లలకు ఇది పెద్ద లోటు.

దగ్గరి వస్తువును చూసేటప్పుడు కన్ను ఫోకస్ మారుస్తుంది. దాంతోపాటే రెండు కళ్లూ ముక్కు వైపు తిరుగుతాయి. ఈ రెండు పనులూ ముడిపడి ఉంటాయి. మైనస్ 3 ఉన్న పిల్లాడికి అద్దాలు తీసేసినా 33 సెంటీమీటర్ల దూరంలోని పుస్తకం స్పష్టంగానే కనిపిస్తుంది. ఫోకస్ కోసం కన్ను శ్రమపడదు. శ్రమ లేకపోతే కళ్లు లోపలికి తిరగడమూ మందగిస్తుంది. అందుకే కొందరిలో ఒక కన్ను అప్పుడప్పుడు బయటికి జారుతుంది. ఎండలో ఒక కన్ను మూసుకుంటారు, చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోతాయి, తల నొస్తుంది. ఇంట్లోవాళ్లేమో చదువు ఎగ్గొట్టే సాకు అనుకుంటారు. కన్ను పక్కకు జారడం కనిపించినా ‘మెల్లకన్ను అదృష్టం’ అని వదిలేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మాట పిల్లల చూపుకు చేసే చేటు అంతా ఇంతా కాదు.

వైద్యం ఉంది. దగ్గరివి చూసేటప్పుడు కళ్లు ముక్కు వైపు సరిగా తిరగలేని సమస్యపై అమెరికాలో 221 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. క్లినిక్‌లో శిక్షకుల దగ్గర 12 వారాలు వ్యాయామాలు చేసినవారిలో 73 శాతం మందికి మేలు జరిగింది. ఇంట్లో పెన్సిల్‌ను ముక్కు దగ్గరికి తెచ్చుకుంటూ చేసినవారిలో 43 శాతమే. అది పోలిక కోసం ఇంకొందరితో చేయించిన ఉత్తుత్తి వ్యాయామం కన్నా చెప్పుకోదగ్గ మెరుగేమీ కాదు. కాబట్టి వీడియోలు చూసి సొంతంగా మొదలుపెట్టడం మంచిది కాదు. ఈ వ్యాయామాలతో మైనస్ పవర్ తగ్గదు కూడా. అద్దాలు పోతాయని డబ్బు గుంజేవాళ్లను నమ్మొద్దు. నిజానికి కన్ను బయటికి జారే పిల్లలకు సరైన పవర్ అద్దాలు మానకుండా పెట్టడమే వైద్యంలో మొదటి మెట్టు.

తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కంటి వెలుగు లక్షల మందికి అద్దాలు అందించింది. ఇకపై బడుల్లో జరిగే ప్రతి శిబిరంలో ఇంకో రెండు పరీక్షలు చేర్చాలి: కళ్లను మార్చి మార్చి మూస్తూ కదలిక చూడటం, పెన్ను కొనను ముక్కు వైపు తెస్తూ ఎక్కడ రెండుగా కనిపిస్తోందో కొలవడం. వీటికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు.