నల్ల పెట్టెకు మూడు మార్కులు

మహారాజశ్రీ ప్రతీక గారి దివ్యసముఖమునకు,

నిన్న మధ్యాహ్నం రెండు గంటల నుంచి ఆరు గంటల వరకు మూల్యాంకన శిబిరంలో, తిరగని ఫ్యాను కింద కూర్చుని అమెరికన్ సాహిత్యం పేపరు దిద్దిన ఒక అధ్యాపకుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపము. తమరు కుశలమేనని వేరే అడగనక్కరలేదు. కట్టలోని నలభై పత్రాలలో ముప్పైనాలుగింట తమరి నామస్మరణే జరిగింది. ఐదుగురు ఆ ప్రశ్న జోలికే పోలేదు. మిగిలిన ఒక్కరి గురించే ఈ లేఖ.

ప్రశ్న తమరికి తెలిసినదే: షిర్లీ జాక్సన్ 'ది లాటరీ' కథలోని ప్రతీకలను చర్చించండి, పది మార్కులు. ఒక ఊళ్లో ఏటా నల్ల పెట్టెలోంచి చీటీలు తీసి, గుర్తున్న చీటీ వచ్చినవాళ్లను ఊరంతా కలిసి రాళ్లతో కొట్టి చంపే కథ అది. ముప్పైనాలుగు మందీ ఒక్క గొంతుతో నల్ల పెట్టె గుడ్డి సంప్రదాయానికి ప్రతీక అన్నారు, రాళ్లు మూక హింసకు ప్రతీక అన్నారు, గ్రేవ్స్ అన్న ఇంటిపేరు సమాధికి ప్రతీక అన్నారు. ఇంకాస్త ఉత్సాహవంతులు సమ్మర్స్ అన్న ఇంటిపేరు ఎండాకాలానికి ప్రతీక అని కూడా తేల్చారు. ప్రతీకకు రెండు మార్కుల చొప్పున వేయమని మాకిచ్చిన కీలో ఉంది కనుక, నేను రేషను డీలరులా తూచి వేస్తూ పోయాను.

తమరి పలుకుబడి నాకు తెలియనిది కాదు. హాథార్న్ 1835లో అచ్చు వేయించిన 'యంగ్ గుడ్‌మన్ బ్రౌన్'లో తమరు ముసుగైనా వేసుకోలేదు. కథానాయకుడి భార్యకు విశ్వాసం అని అర్థమొచ్చే పేరే పెట్టించి, ఆమె టోపీకి గులాబీరంగు రిబ్బన్లు కట్టించి, దర్జాగా తిరిగారు. ఆ రచయిత పిలిస్తేనే వచ్చారు కనుక దానికి నా అభ్యంతరం లేదు. కానీ ఫాక్‌నర్ 1930 నాటి 'ఎ రోజ్ ఫర్ ఎమిలీ'లో వెలిసిన గులాబీరంగు పరదాలే గాని గులాబీ పువ్వు ఎక్కడా పూయదు. ఆ పూయని పువ్వుకు మన బజారు గైడ్లు రేకకొక అర్థం చెబుతాయి. కేట్ చోపిన్ 1894లో రాసిన 'ది స్టోరీ ఆఫ్ యాన్ అవర్' కథలో, భర్త పోయాడన్న కబురు విన్న లూయిస్ మాలార్డ్ తెరిచిన కిటికీ ముందు కూర్చుంటే వాన వాసన వస్తుంది, చూరు కింద పిచ్చుకలు కిచకిచలాడతాయి. మా పిల్లలు 'కిటికీ స్వేచ్ఛకు ప్రతీక' అని రాసి ఆ కిటికీ మూసేస్తారు.

ఇక పన్నెండో పత్రం. దాని మీద పేరుండదు, బార్‌కోడు మాత్రమే ఉంటుంది. చేతిరాతను బట్టి అమ్మాయి అనుకున్నాను. పెట్టె గురించి రెండు వాక్యాలు రాసి, ఆమె నేరుగా డేవీ దగ్గరికి వెళ్లిపోయింది. టెస్సీ హచిన్సన్ మీద విసరడానికి ఊరంతా రాళ్లు ఏరుకుంటున్నప్పుడు, ఆమె చిన్నకొడుకు డేవీ చేతిలో ఎవరో కొన్ని గులకరాళ్లు పెడతారు. జాక్సన్ దానికి ఒక్క వాక్యం ఖర్చు పెట్టి ముందుకు సాగిపోతుంది. ఈ అమ్మాయి సాగిపోలేదు. తప్పుల ఇంగ్లీషులో ఆమె రాసినదానికి ఇది నా తెలుగు: "ఎవరు పెట్టారో రచయిత్రి చెప్పలేదు. అందుకే భయం వేసింది. మా ఊళ్లో అయితే ఎవరు పెడతారో నాకు తెలుసు."

నేను ఎనిమిది వేశాను. చీఫ్ ఎగ్జామినర్ గారు వచ్చి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని చదివి, "బాగానే ఉంది సార్, కానీ సింబల్స్ ఏవీ? డేవీ మన కీలో లేడు కదా" అన్నారు. ఎనిమిదిని కొట్టేసి మూడు వేశారు. ఆ మూడూ పెట్టె గురించిన రెండు వాక్యాలకేనట.

మీరు ఆ పెట్టెను ఎప్పుడైనా చూశారా? అర్థం సంగతి అడగడం లేదు, పెట్టె సంగతే అడుగుతున్నాను. దాని అంచు పెచ్చులూడి లోపలి చెక్క బయటపడింది. కొత్తది చేయిద్దామన్న మాట ఏటా వస్తుంది, ఏటా మరుగున పడుతుంది. పనిలేని రోజుల్లో దాన్ని ఒక ఏడు గ్రేవ్స్ గారి కొట్టంలో పడేస్తారు, ఇంకో ఏడు పోస్టాఫీసులో కాళ్ల కింద పడి ఉంటుంది, మరోసారి మార్టిన్ కిరాణా కొట్టు అరలో పెడతారు. స్టాంపుల కోసం వచ్చినవాళ్లు దాని మీద కాలు తగిలి విసుక్కుని ఉంటారు. నా భయమంతా ఆ విసుగులో ఉంది. 'సంప్రదాయానికి ప్రతీక' అని రాసిన ముప్పైనాలుగు మందిలో ఒక్కరి కాలికైనా ఆ పెట్టె తగల్లేదు, ఎందుకంటే అడ్డంగా నువ్వు నిలబడి ఉన్నావు.

1948 జూన్ 26న ఆ కథ 'న్యూయార్కర్' పత్రికలో వచ్చినప్పుడు ఆ ఎండాకాలంలోనే మూడు వందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో తనను దయగా పలకరించినవి పదమూడేనని, అవీ చాలావరకు స్నేహితులవేనని, చివరికి తన తల్లి కూడా చీవాట్లు పెట్టిందని జాక్సన్ తరువాత చెప్పుకుంది. ఈ లాటరీలు ఎక్కడ జరుగుతాయి, వెళ్లి చూడవచ్చా అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఏటా క్లాసులో ఆ సంగతి చెప్పి నవ్వించేవాడిని. నిన్న నాకు నవ్వు రాలేదు. వాళ్లు కనీసం ఆ ఊరు ఉందని నమ్మారు.

నీకు ఫ్లానరీ ఓకానర్ సరిగా బుద్ధి చెప్పింది. ఆమె కథలోని మిస్‌ఫిట్ అనే హంతకుడి టోపీ నల్లగా ఎందుకుందని ఒక పంతులు పట్టుకుని అడిగితే, జార్జియా పల్లెల్లో మగవాళ్లు ఎక్కువమంది నల్ల టోపీలే పెట్టుకుంటారని జవాబిచ్చింది. ఆయన వదల్లేదు, ఆ టోపీకి ఉన్న ప్రాధాన్యం ఏమిటన్నాడు. తల కప్పుకోవడానికి అంది. అప్పటికి గాని ఆయన ఊరుకోలేదు. మా కీలో ఆ జవాబుకు సున్నా.

నిజం దాచను. ఆ ముప్పైనాలుగు పత్రాలలో 'గుడ్డి ఆచారానికి గుడ్డి కాపలా' అన్న అర్థమొచ్చే మాట ఒకటి పదే పదే వచ్చింది. ఇంత చవకబారు మాట ఏ గైడు రాసి ఉంటుందా అని పదకొండు పత్రాల దాకా తిట్టుకున్నాను. అది 2009లో నేను క్లాసులో చెప్పి రాయించిన నోట్సు. ఎవరో జిరాక్సు తీశారు, ఎవరో గైడులో వేశారు, ఆ గైడు ముక్కలు తెచ్చి ఎవరో ఈ కీ తయారుచేశారు. ఆ ఊళ్లోనూ అంతే, పాత పెట్టె ముక్కలతోనే కొత్త పెట్టె చేశారని చెప్పుకుంటారు.

చూశావా, నిన్ను తిడుతూ తిడుతూ నీ పనే చేసి పెట్టాను.

అలా పిలవకుండా వచ్చినప్పుడు నువ్వంటే నాకు ఇష్టమేనయ్యా. హెమింగ్వే 1927 కథ 'హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్'లో, ఎబ్రో లోయలోని స్టేషనులో నలభై నిమిషాల్లో రావలసిన రైలు కోసం ఇద్దరు బీరు తాగుతూ కూర్చుంటారు. ఆ కొండలు తెల్ల ఏనుగుల్లా ఉన్నాయి అంటుంది ఆ పిల్ల. నేనెప్పుడూ చూడలేదంటాడు అతను. నువ్వు చూసి ఉండవులే అంటుంది. వాళ్లను విడదీస్తున్నది గర్భస్రావం, కానీ ఆ ఆపరేషను పేరు కథంతా వెతికినా దొరకదు. అక్కడ నువ్వు ఎవరికీ అడ్డం నిలబడలేదు, దూరంగా ఎండలో కొండల్లాగే ఉన్నావు.

ఇవాళ మళ్లీ రెండు గంటలకు శిబిరం ఉంది, మరో నలభై పత్రాలు. పన్నెండో పత్రం మీద నా ఎనిమిది మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంది. చీఫ్ గారు దాని మీద ఒక్క గీతే గీశారు.

ఇట్లు,
నీ పాత గుమాస్తా