వెళ్లిపోయారట!

"ఇది పూర్వం సినగాగ్. 1962లో యూదులు వెళ్లిపోయారు. ఇప్పుడు మసీదు." అల్జీరియా రేవు పట్నం ఒరాన్‌లోని పెద్ద సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) గురించి టూరిస్టు పుస్తకాలు చెప్పేది ఇంతే. వెళ్లిపోయారట! పెళ్లి భోజనం చేసి, తాంబూలం పుచ్చుకుని వెళ్లినట్టు.

మాజీ ఎమ్మెల్యేకైనా పెన్షన్ వస్తుంది. మాజీ సినగాగ్‌కు దక్కింది ఒక క్రియాపదం.

1880లో మొదలుపెట్టి 1918లో ప్రారంభించారు. కట్టింది 38 ఏళ్లు, వాడుకున్నది 44 ఏళ్లు. మేస్త్రీల కొలువుకీ రబ్బీల (యూదు మతగురువుల) కొలువుకీ పెద్ద తేడా లేదు.

ఈ 'వెళ్లిపోవడం' ఒరాన్ యూదులకు పాత అలవాటే అనుకోవాలి. 1669లో స్పెయిన్ పాలకులు తరిమేసినప్పుడూ వెళ్లిపోయారు మరి. 1790 భూకంపం తర్వాత, 1792లో స్పెయిన్ వాళ్లే మూటాముల్లె సర్దుకుంటే, ఆ ప్రాంతపు పాలకుడు బే మహమ్మద్ ఎల్ కబీర్ యూదుల్ని పిలిచి చోటిచ్చాడు.

తర్వాత ఫ్రెంచి దొరల ఏలుబడి. నాకైతే ఫ్రెంచి గుమాస్తాయే కళ్లముందు మెదులుతాడు. 1870, అల్జీరియా యూదులకు ఫ్రెంచి పౌరసత్వమిచ్చిన క్రెమ్యూ డిక్రీ. "ఈరోజు నుంచి నువ్వు ఫ్రెంచివాడివి" అని యూదుడి కాయితం మీద ముద్ర గుద్దాడు. వెనక నిలబడ్డ ముస్లిం పొరుగాయనతో, "నీకు లేదు, పక్కకి జరుగు."

1940, హిట్లర్‌కు లొంగిన ఫ్రాన్సు విషీ ప్రభుత్వం. "ఆ కాయితం ఇటివ్వు. నువ్వు ఫ్రెంచివాడివి కావు."

"మా అన్న పోయిన యుద్ధంలో మీ తరఫునే చచ్చిపోయాడండీ."

"అది వేరే సెక్షన్."

1943. "మళ్లీ ఫ్రెంచివాడివి అయ్యావు. పాత కాయితం ఏదీ?"

"మీరే తీసుకున్నారు కదండీ."

"నకలు ఉంచుకోవద్దూ?"

1963లో ఆ కుర్చీలో స్వతంత్ర అల్జీరియా గుమాస్తా కూర్చున్నాడు. తండ్రీ తాతా ముస్లింలైతేనే పుట్టుకతో పౌరసత్వమని కొత్త చట్టం చదివాడు. వినడానికి లైన్లో యూదులు దాదాపు లేరు.

ఎలా ఉంటారు? ఎనిమిదేళ్ల స్వాతంత్ర్య యుద్ధం. బాంబులు. 1962 జూలై 5న ఒరాన్ వీధుల్లో శవాలు. పుట్టిన ఊరిని ఒక పెట్టెలో కుక్కుకుని ఓడెక్కినవాళ్లని 'వెళ్లిపోయారు' అని రాయడానికి చేతులెలా వచ్చాయి? ఒకే వీధివాళ్లని ఒక్క కాయితంతో విడదీసిన దొరల ఊసు ఆ పేజీలో భూతద్దం పెట్టి వెతికినా దొరకదే!

1970ల్లో ఆ భవనాన్ని మసీదు చేసి అబ్దుల్లా ఇబ్న్ సలామ్ పేరు పెట్టారు. ఆయన మదీనాలో ఇస్లాం పుచ్చుకున్న యూదు పండితుడు. పేరు పెట్టినవాడెవడో గానీ చరిత్ర చదివినవాడే. పుస్తకం రాసినవాడికి ఆ బోర్డు చదివే ఓపిక కూడా లేకపోయింది.