సిగరెట్ పెట్టె మీద క్యాన్సర్ హెచ్చరిక ఉంది, మద్యం సీసా మీద ఏదీ?

సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర భయపెట్టే బొమ్మతో హెచ్చరిక ఉండాలన్న నిబంధన 2016 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ సిగరెట్ కొన్న మనిషే పక్క వైన్ షాపులో క్వార్టర్ కొంటే సీసా మీద కనిపించేది మద్యపానం ఆరోగ్యానికి హానికరమని, తాగి బండి నడపొద్దని చెప్పే చిన్న అక్షరాలు. క్యాన్సర్ అన్న మాటే ఉండదు. ఇది జనాన్ని చీకట్లో ఉంచడమే అంటాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది 1988లో. పొగాకు ఉన్నదీ ఆ జాబితాలోనే. మద్యంలోని ఇథనాల్ ఒంట్లో అసిటాల్డిహైడ్‌ అనే విషంగా మారి డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఈ పని లివర్ దాకా వెళ్లకముందే, నోట్లోని బ్యాక్టీరియాతోనే మొదలవుతుంది. బీరైనా బ్రాందీ అయినా తేడా లేదు. పైగా మద్యం నోటి లోపలి పొరలోకి పొగాకు విషాలు తేలిగ్గా దూరేలా చేస్తుంది. గ్లాసు ఒక చేత, సిగరెట్ ఒక చేత పట్టుకున్నవాడు తన గొంతుకు తానే వాకిలి తెరుస్తున్నాడు. అమెరికాలో అదే 1988లో వెలువడిన ఒక అధ్యయనం చూడండి: రోజుకు రెండు ప్యాకెట్లు కాల్చి, నాలుగు పెగ్గులు మించి తాగేవారికి నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు 35 రెట్లు దాటింది. రెండు ముప్పులూ కూడటం లేదు, ఒకదాన్నొకటి హెచ్చిస్తున్నాయి. ఈ సంగతి మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తాగేవాళ్లలో ఎంతమందికి తెలుసు? "నేను సిగరెట్ మానేశాను, మందు ఒక్కటే" అని ధీమాగా చెప్పేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు.

నిషేధం పెట్టి చూశాం కదా, ఏమైంది అంటారు కొందరు. నిజమే. 1995లో తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లోనే పోయింది. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు ఉన్న చిత్తూరులో సరిహద్దు సరుకును ఆపడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. నేనడిగేది నిషేధం కాదు, నిజం రాయమని.

రాయరెందుకు? రాష్ట్రంలో మద్యం హోల్‌సేల్ వ్యాపారి ప్రభుత్వ కార్పొరేషనే కాబట్టి. 2024 అక్టోబరు విధానంలో 99 రూపాయలకే క్వార్టర్ అని గొప్పగా ప్రకటించిన ప్రభుత్వం, ఆ సీసా మీద గొంతు క్యాన్సర్ అని ఎందుకు రాస్తుంది? ఏ పార్టీ వచ్చినా ఖజానా లెక్క మారలేదు. పథకాలకు డబ్బు మందు నుంచే, ఆ పథకాల్లో ఒకటైన ఎన్టీఆర్ వైద్య సేవ (ఒకప్పటి ఆరోగ్యశ్రీ) కింద క్యాన్సర్ వైద్యం కూడా ఆ డబ్బుతోనే! తిరుపతిలో టీటీడీ, టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది. ఆసుపత్రులు ఎన్ని కట్టినా, ఒక చేత్తో రోగులను తయారు చేస్తూ ఇంకో చేత్తో బెడ్లు పెంచుతూ పోతే ఎప్పటికి సరిపోతాయి? అలిపిరి దగ్గర సిగరెట్, మందు, గుట్కా వెతికి తీసేస్తారు, ఎవరూ గొడవ చేయరు. ప్రభుత్వం గట్టిగా నిలబడితే జనం వింటారనడానికి అంతకన్నా రుజువేం కావాలి?

అప్పటి అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై దేశానికి సలహాలిచ్చే పెద్ద డాక్టర్) వివేక్ మూర్తి 2025 జనవరిలో సీసాల మీద క్యాన్సర్ హెచ్చరిక ఉండాలన్నారు. ఐర్లండ్ 2023లోనే నిబంధన చేసింది, అమలు మాత్రం 2028కి వాయిదా పడింది. అక్కడ కనీసం చర్చ జరుగుతోంది. ఇక్కడ సీసా సీసాకూ హోలోగ్రామ్ అంటించే ఎక్సైజ్ శాఖకు లేబుల్ మీద ఒక వాక్యం చేర్పించడం పెద్ద పనా? "మద్యం నోటి, గొంతు క్యాన్సర్‌కు కారణం. పొగాకుతో కలిస్తే ముప్పు మరీ ఎక్కువ." వైన్ షాపు బోర్డు మీద కూడా ఇదే రాయాలి, పెద్ద అక్షరాల్లో. దాని కింద ఇంకో లైను: రెండు వారాలైనా మానని నోటి పుండు, నోట్లో తెల్లమచ్చ, మూడు వారాలు దాటిన గొంతు బొంగురు, ముద్ద దిగకపోవడం, ఇవి కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరకు వెళ్లండని.