‘విజువల్ లెర్నర్’ అనే ముద్ర ఎవరికి పనికొస్తోంది?

“మావాడు విజువల్ లెర్నర్ అండీ. సార్ చెప్పింది వింటే ఎక్కదు, చూపిస్తేనే ఎక్కుతుంది.” పేరెంట్స్ మీటింగుల్లో ఈమధ్య తరచూ వినిపిస్తున్న మాట. ఒకప్పుడు ఇలాంటి చోట “మావాడికి ధ్యాస తక్కువ” అనేవాళ్లు. కొత్త మాట మర్యాదగా ఉంది, పిల్లాడి తప్పేమీ లేదన్న ఊరట కూడా ఇస్తుంది. అందుకే బాగా పాతుకుపోయింది. యూట్యూబ్ వీడియోలు, ఆన్‌లైన్ క్విజ్‌లు, కెరీర్ కౌన్సెలింగ్ పేరిట జరిగే టెస్టులు అన్నీ ఒకటే పాట పాడుతున్నాయి: ప్రతి మనిషికీ తనదైన నేర్చుకునే తీరు (లెర్నింగ్ స్టైల్) ఒకటి ఉంటుంది, అదేదో కనిపెట్టి దానికి తగ్గట్టు చదివితే ప్రతిభ దానంతటదే బయటికొస్తుంది.

వినడానికి బాగానే ఉంది. చిక్కల్లా, జాగ్రత్తగా పరీక్షించి చూస్తే ఈ మాట నిలవడం లేదు.

చూడడం, వినడం, చదవడం-రాయడం, చేసి చూడడం అంటూ జనాన్ని నాలుగు గదుల్లో కూర్చోబెట్టే లెక్కను ప్రచారంలోకి తెచ్చింది న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్. స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా ఎన్నో క్లాసుల్లో వెనక బెంచీ మీద కూర్చుని చూసినవాడు. గొప్పగా పాఠం చెప్పే టీచరుకు కూడా కొందరు పిల్లలు ఎందుకు అందడం లేదు, అంతంతమాత్రంగా చెప్పే టీచరుకు వాళ్లే ఎలా అందుతున్నారు అన్నది ఆయన్ను తొలిచిన ప్రశ్న. ‘వార్క్’ ప్రశ్నావళి అందులోంచే పుట్టింది, 1992లో అచ్చయింది. ప్రశ్న మంచిదే. జవాబు తొందరపడింది. పైగా ఆయన ఒక్కడే కాదు, ఇలాంటి వర్గీకరణలు ఎన్ని ఉన్నాయో 2004లో బ్రిటన్‌లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం లెక్కతీస్తే 71 తేలాయి. ఒక లెక్కలో ‘ఆడిటరీ’, అంటే విని నేర్చుకునే రకం, అయినవాడు ఇంకోదాంట్లో ‘రిఫ్లెక్టర్’, మూడోదాంట్లో ‘డైవర్జర్’. ఒకే రోగిని చూసి 71 మంది డాక్టర్లు 71 జబ్బుల పేర్లు చెబితే ఎవరికైనా అనుమానం వస్తుంది కదా.

అయితే ఇష్టాలు ఉంటాయన్నది నిజం. ఒకరికి వీడియో చూడడం హాయి, ఇంకొకరికి పుస్తకం. దాంతో ఎవరికీ పేచీ లేదు. లెర్నింగ్ స్టైల్ సిద్ధాంతం అంతకంటే పెద్ద మాట అంటోంది. ఆ ఇష్టానికి సరిపడేలా బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారట. ఇది తేలాలంటే ఎలాంటి పరీక్ష పెట్టాలో 2008లో హెరాల్డ్ పాష్లర్, మార్క్ మెక్‌డేనియల్, డగ్ రోరర్, రాబర్ట్ బ్యార్క్ అనే నలుగురు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు విడమరచి రాశారు.

గుండె పాఠం తీసుకుందాం. క్విజ్ పెట్టి క్లాసును ‘విజువల్’ పిల్లలు, ‘ఆడిటరీ’ పిల్లలు అని రెండుగా విడదీశాం. ఒక్కో గుంపులో మళ్లీ సగం మందికి బొమ్మ గీసి కర్ణికలు, జఠరికలు, కవాటాలు చూపించాం. మిగతా సగానికి అదే పాఠం బొమ్మ లేకుండా నోటితో చెప్పాం. చివర్లో అందరికీ ఒకటే పరీక్ష. విజువల్ పిల్లల్లో బొమ్మ చూసినవాళ్లు, ఆడిటరీ పిల్లల్లో మాట విన్నవాళ్లు పైచేయి సాధించాలి. ఫలితం అలా అటూ ఇటూ తిరగబడితేనే సిద్ధాంతం నెగ్గినట్టు. అలా కాకుండా బొమ్మ చూసిన అందరికీ మార్కులు ఎక్కువొస్తే, పిల్లల స్టైల్ గురించి మనకు తెలిసిందేమీ లేదు. గుండె పాఠానికి బొమ్మ కావాలని తెలిసింది, అంతే.

ఈ పద్ధతిలో జరిగిన అధ్యయనాల కోసం ఆ నలుగురూ వెతికితే దొరికినవే కొద్ది. వాటిలోనూ పలు అధ్యయనాలు సిద్ధాంతానికి ఎదురుతిరిగినవే. ఆ తర్వాత జరిగినవీ దాన్ని ఆదుకోలేదు. 2015లో బెత్ రొగోవ్‌స్కీ బృందం పెద్దవాళ్లలో వినడం ఇష్టపడేవాళ్లనూ చదవడం ఇష్టపడేవాళ్లనూ తీసుకుని, కొందరికి ఆడియోబుక్, కొందరికి అదే పాఠం స్క్రీన్ మీద ఇచ్చింది. వెంటనే అడిగినా, రెండు వారాల తర్వాత అడిగినా, ఇష్టానికి తగ్గ రూపంలో అందుకున్నవాళ్లకు అదనంగా ఒరిగిందేమీ లేదు. ఇండియానా యూనివర్సిటీలో అనాటమీ చదివే వందల మంది విద్యార్థుల మీద జరిగిన అధ్యయనం ఇంకా తమాషాగా ఉంటుంది. వార్క్ టెస్ట్ రాసి తమ స్టైల్ ఏమిటో తెలుసుకున్నాక కూడా చాలామంది దాని ప్రకారం చదవలేదు. చదివినవాళ్లకు మార్కులూ పెరగలేదు.

మరి లోకమంతా ఎందుకు నమ్ముతోంది? బ్రిటన్, నెదర్లాండ్స్ టీచర్లను అడిగి 2012లో ప్రచురించిన సర్వేలో నూటికి తొంభై మందికి పైగా దీన్ని నిజమనే అన్నారు. వాళ్లెవరూ తెలివితక్కువవాళ్లు కాదు. “నాకు బొమ్మలు చూస్తేనే ఎక్కుతుంది” అనే పిల్లాడూ అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఎక్కినట్టు అనిపించడం వేరు, ఎక్కడం వేరు. 2017లో ఒక ప్రయోగంలో సరిగ్గా ఇదే బయటపడింది. బొమ్మలంటే ఇష్టపడేవాళ్లు బొమ్మలు బాగా గుర్తుంటాయని, మాటలంటే ఇష్టపడేవాళ్లు మాటలు బాగా గుర్తుంటాయని ముందే అంచనా కట్టారు. తీరా చూస్తే ఎంత గుర్తున్నాయన్నదానికీ, ఆ ఇష్టాలకూ పొంతన లేదు.

చదువు విషయంలో మన మనసు మనల్ని ఎంత సులువుగా బుట్టలో వేస్తుందో చూపించిన ప్రయోగం ఇంకొకటుంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ కాలేజీ విద్యార్థులకు చిన్న పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని రెండోసారి కూడా చదివారు. మిగతావాళ్లు ఒకసారి చదివి, పాఠం పక్కనపెట్టి గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత పెడితే లెక్క తలకిందులైంది. చూడకుండా రాసినవాళ్లు 56 శాతం చెప్పగలిగారు, మళ్లీ చదివినవాళ్లు 42 దగ్గర ఆగిపోయారు. అదే వరుసలో జరిపిన మరో ప్రయోగంలో, వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందే అడిగారు. పదేపదే చదివినవాళ్లకే ధీమా ఎక్కువ. మార్కులు వాళ్లకే తక్కువ.

తేలిగ్గా సాగిపోయే చదువు బాగా జరుగుతున్నట్టు అనిపిస్తుంది. తడుముకుంటూ, తప్పులు రాస్తూ, చిరాకు పడుతూ సాగేది దండగలా అనిపిస్తుంది. లెర్నింగ్ స్టైల్ క్విజ్ అడిగేది ఎటూ మీకు ఏది హాయిగా ఉంటుందనే. దాని జవాబును సామర్థ్యం అనుకోవడంలోనే తిరకాసు ఉంది.

మన దగ్గర దీనికి రెండు పాయలు కలిశాయి. ఒకటి టెట్, డీఎస్సీ కోసం చదివే సైకాలజీ. తెలివి ఒకటి కాదు, పలు రకాలు అంటూ హోవర్డ్ గార్డనర్ 1983లో ప్రతిపాదించిన బహుళ ప్రజ్ఞల సిద్ధాంతం మన టీచర్లందరికీ బిట్ల రూపంలో నోటికి వచ్చు. క్లాసులోకొచ్చేసరికి అది లెర్నింగ్ స్టైల్‌తో కలిసిపోతుంది. ప్రజ్ఞ వేరు, లెర్నింగ్ స్టైల్ వేరు, నా సిద్ధాంతానికి ఆ అర్థం అంటగట్టొద్దు అని 2013లో గార్డనరే మొత్తుకున్నాడు. ఆ సంగతి మన గైడ్లలోకి ఇంకా రాలేదనుకుంటా.

రెండోది పచ్చి వ్యాపారం. పిల్లాడి పది వేళ్లూ స్కానర్ మీద పెట్టించి, ‘డీఎంఐటీ’ పేరుతో రంగురంగుల మెదడు బొమ్మ, ఏ ప్రజ్ఞ ఎంత శాతమో చూపే పటాలు, ఏ కోర్సులో చేర్చాలో సలహాలు ఉన్న రిపోర్టు చేతిలో పెడతారు. వేలిముద్రలు తల్లి కడుపులోనే ఏర్పడతాయి, మెదడు కూడా అప్పుడే రూపుదిద్దుకుంటుంది, కాబట్టి ఇది చూస్తే అది తెలిసిపోతుందన్నది వాళ్ల వాదన. గోళ్లు కూడా కడుపులోనే వస్తాయి. దీనికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ బహిరంగంగానే చెప్పింది. డబ్బు పోతే పోయింది, “మీవాడికి లెక్కల వైపు లేదు” అని ఆరో తరగతిలోనే తేల్చేసిన కాగితాన్ని ఆ పిల్లాడు ఎన్నేళ్లు మోయాలో!

సరే, స్టైల్ కాకపోతే సామర్థ్యాన్ని తీర్చిదిద్దేది ఏమిటి? మన కళ్లెదుటే ఉన్న అవధానాన్ని చూస్తే కొంత తెలుస్తుంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపదికి నాలుగు మాటలు పడేస్తారు, నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడుతుంటాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన “అవధాని గారూ, ఇంతకీ ఇవాళ భోజనంలోకి గుత్తివంకాయా, గోంగూరా?” అని తగులుకుంటాడు. అవధాని ఒక్కో పద్యానికీ మొదటి ఆవృత్తిలో ఒక పాదం చెప్పి వదిలేస్తారు, చుట్టు తిరిగొచ్చాక రెండో పాదం. నాలుగు ఆవృత్తులయ్యాక ధారణ. పద్యాలన్నీ వరుసగా, చూడకుండా, అప్పజెప్పాలి.

ఆయన్ను ‘ఆడిటరీ లెర్నర్’ అనేస్తే కథ ముగిసిపోతుంది, తెలిసేది మాత్రం ఏమీ ఉండదు. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలుంటాయి. భ, ర, న, భ, భ, ర, వ గణాలు ఆ వరుసలోనే రావాలి, పదో అక్షరం దగ్గర యతి కుదరాలి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాసగా నిలవాలి. ఛందస్సు ఒంటబట్టని మనకు ఆ పద్యం 80 అక్షరాల కుప్ప. అవధానికి అది కొన్ని కొక్కేలకు తగిలించిన నాలుగు పాదాలు. ఒక మాట జారిపోతే యతి, ప్రాస, గణం మూడూ కలిసి అక్కడ పట్టే మాటలను వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువకు కుదించేస్తాయి. పైగా పాదానికీ పాదానికీ మధ్య వేరే పనులు దూరడం వల్ల ప్రతి ఆవృత్తిలోనూ పద్యాన్ని మరుపులోంచి వెనక్కి లాక్కోవాల్సి వస్తుంది. రోడిగర్ విద్యార్థులు పాఠం పక్కనపెట్టి చేసిన పనీ ఇదే.

1973లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగంలో ఇలాంటిదే చూపించారు. నిజమైన ఆటలోని పొజిషన్‌ను కొన్ని సెకన్లు చూపిస్తే మాస్టర్ చాలా పావులను సరైన గళ్లలో పేర్చగలిగాడు, కొత్తగా నేర్చుకుంటున్నవాడు నాలుగైదు దగ్గర ఆగిపోయాడు. అవే పావులను అడ్డదిడ్డంగా పరిచి చూపించేసరికి ఇద్దరికీ పెద్దగా తేడా లేదు. మాస్టర్ కళ్లలో మహిమేమీ లేదు. అన్నేళ్లుగా ఆడిన ఆటలు ఆయన చూపులోకి వచ్చి కూర్చున్నాయి. అవధానుల ధారణ వెనక కూడా ఇదే ఉందని నా నమ్మకం. వేల పద్యాలు నోటికి వచ్చినవాడికి కొత్త పద్యం పట్టుబడడం తేలిక. ఒక విషయంలో ఇప్పటికే ఎంత తెలుసన్నది, అందులో ఇంకెంత నేర్చుకోగలమన్నదాన్ని శాసిస్తుంది. లెక్కల్లో వెనకబడ్డ తొమ్మిదో తరగతి పిల్లాడికి చాలాసార్లు కావాల్సింది వీడియో కాదు, ఆరో తరగతిలో జారిపోయిన భిన్నాలు.

పిల్లలందరూ ఒకటేనని అనడం లేదు. తేడాలున్నాయి, కాకపోతే క్విజ్ అడగని చోట ఉన్నాయి. బోర్డు మీది అక్షరాలు మసగ్గా కనిపించే పిల్లాడు “వింటేనే ఎక్కుతుంది” అంటాడు. వాడికి కళ్లజోడు కావాలి. డిస్‌లెక్సియా, అంటే చదవడంలో ఇబ్బంది, ఉన్న పిల్ల పుస్తకం చూస్తేనే జంకుతుంది. ఆమెను ‘కైనెస్థెటిక్’ (చేసి చూసి నేర్చుకునే రకం) అని మురిపెంగా పిలిచి వదిలేస్తే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన సమస్యకు అందాల్సిన సాయం అందకుండా పోతుంది. అసలు మన రాష్ట్రాల్లో అన్నిటికంటే పెద్ద తేడా భాషది. ఇంట్లో తెలుగో, గోండో, ఉర్దూనో మాట్లాడే పిల్ల ఇంగ్లిష్ మీడియంలో కూర్చుంటే, ‘ఫోటోసింథసిస్’ అర్థం కాకపోవడానికి ఆమె స్టైల్‌ను తప్పుపట్టలేం. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు సర్కారు బడుల్లోకి వచ్చాయి కాబట్టి కొంత నయం. అది ఎవరికీ ముద్ర వేయకుండా దొరికిన సాయం.

తన చదువు తీరు ఎలా ఉందో తెలుసుకోవాలనుకునే ఇంటర్ విద్యార్థికి క్విజ్ కంటే మంచి దారి ఉంది. ఇంచుమించు ఒకే బరువున్న రెండు చాప్టర్లు తీసుకుని, ఒకటి అలవాటు ప్రకారం హైలైటర్‌తో గీతలు కొడుతూ రెండుమూడుసార్లు చదవాలి. రెండోది ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాసి, ఏం వదిలేశామో సరిచూసుకోవాలి. రెండ్రోజులాగి మళ్లీ రాయాలి. రెంటికీ ఇంచుమించు ఒకే సమయం పెట్టి, వారం తర్వాత పాత ప్రశ్నపత్రాల్లోంచి రెండు చాప్టర్ల ప్రశ్నలూ చేసి చూడాలి. రెండో పద్ధతి రుచించకపోవచ్చు. మొదట్లో టెన్షన్ కూడా పెడుతుంది. మార్కులు ఏమంటున్నాయో అవే చెబుతాయి.

ఈ మాట వినగానే కార్పొరేట్ కాలేజీల వాళ్లు “మేం చేసేది అదే కదా, వారం వారం టెస్టు పెడుతున్నాం” అంటారు. సగం నిజమే. తరచూ పరీక్ష పెట్టడం పిల్లలను హింసించడమేనన్న విమర్శతో నేను పూర్తిగా ఏకీభవించను, పరీక్షకు నేర్పే శక్తి ఉంది. ఆ శక్తి ఉండేది మాత్రం తప్పు దిద్దుకునే చోట. వీకెండ్ టెస్టు అవగానే ర్యాంకుల లిస్టు నోటీసు బోర్డుకెక్కుతుంది, సెక్షన్ మారినవాళ్ల పేర్లు చదువుతారు, సోమవారం కొత్త చాప్టర్ మొదలవుతుంది. మూడో ప్రశ్న క్లాసులో సగం మంది ఎందుకు తప్పు చేశారో కూర్చుని మాట్లాడడానికి ఒక పీరియడ్ కావాలి. సెకండియర్ సిలబస్‌ను ఫస్టియర్‌లోనే మొదలెట్టే చోట ఆ పీరియడ్ దొరకడం లేదు.